కొత్త ఫారం వచ్చింది, భుజాలు తడుముకోకండి

బ్యాంకు నుంచి మెయిల్ వస్తుంది: ఇకపై వాల్యుయేషన్ రిపోర్టులు కొత్త నమూనాలోనే పంపాలి. ఆ రోజంతా ప్యానెల్ వాల్యూయర్ల వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. ఇచ్చే ఫీజుకు ఇన్ని పేజీలా అంటారు ఒకరు. పాతికేళ్ల అనుభవానికి ఈ గళ్లొచ్చి పాఠం చెబుతాయా అంటారు ఇంకొకరు. మొదటి మాటలో న్యాయం ఉంది, అది బ్యాంకుతో తేల్చుకోండి. రెండో మాట మాత్రం మనకే చేటు.

శంషాబాద్ విమానాశ్రయం పక్కనున్న మామిడిపల్లినే తీసుకోండి. 2008 మార్చిలో అక్కడ విమానాలు దిగడం మొదలయ్యాక చుట్టుపక్కల ఊళ్లు ఎకరాలు, గుంటల లెక్క వదిలి గజాల్లో మాట్లాడటం నేర్చుకున్నాయి. అక్కడ 200 గజాల ప్లాటు మీద అప్పు కోసం ఒకరు దరఖాస్తు పెట్టారనుకుందాం. పాత అలవాటు ప్రకారమైతే నాలుగు హద్దులు, గజం రేటు, రెండు ఫొటోలు, ముద్ర, సంతకం. సాయంత్రానికి పని అయిపోయేది. ఇప్పుడు గళ్లు ఒక్కొక్కటే అడుగుతాయి. విస్తీర్ణం చదరపు మీటర్లలో ఎంత? (167.2 అని రాయాలి, గజాలంటే కుదరదు.) లేఅవుట్‌కు అనుమతి ఉందా, లేక క్రమబద్ధీకరణ పథకం ఎల్‌ఆర్‌ఎస్‌కు దరఖాస్తు మాత్రమే పెట్టారా? చెరువు ఎఫ్‌టీఎల్ (నిండు నీటి మట్టం), బఫర్ జోన్ ఎంత దూరం? ఫొటోలో అక్షాంశ రేఖాంశాలు పడ్డాయా?

ఇవి ఎవరో ఊసుపోక గీసిన గళ్లు కావు. ప్రతి గడి వెనుకా ఎక్కడో ఒక బ్యాంకుకు మునిగిన డబ్బు ఉంటుంది, కాకపోతే ఒక కుటుంబం కార్చిన కన్నీళ్లుంటాయి. మామిడిపల్లిలో 400 కేవీ సబ్‌స్టేషన్ ఉంది. అంత పెద్ద లైను ఎటు వెళితే అటు కింద ఇల్లు కట్టనివ్వరు. విమానాశ్రయం చుట్టూ ఎంత ఎత్తు కట్టొచ్చో చెప్పే రంగుల మ్యాపు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ దగ్గర ఉంటుంది. ఆ హద్దు దాటే అపార్ట్‌మెంటు కాగితం మీద ఎంత అందంగా ఉన్నా అందులో పై అంతస్తులకు విలువ లేదు. ఈ రెండూ మీకు తెలిసినవే, కానీ మీ రిపోర్టులో ఎన్నిసార్లు రాశారు? అనుభవం తలలో ఉండి కాగితం మీదకు రాకపోతే, అప్పు మంజూరు చేసే మేనేజరుకు అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

నిజానికి కొత్త ఫారం మీద కోపం చాలాసార్లు ఫారం మీద కాదు. కిందటి రిపోర్టు తెరిచి, పేర్లు మార్చి, పంపేసే సుఖం పోతుందని. (పాత ఖాతాదారు పేరు మూడో పేజీలో అలాగే మిగిలిపోవడం ఈ వృత్తిలో అందరూ ఎరిగిన నవ్వులాటే.) ఆ సుఖాన్ని అనుభవం అని పిలవకండి.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. బ్యాంకుల నమూనాల్లో చాలామంది తప్పించుకు తిరిగే గడి ఒకటుంది. మీరు వేసిన విలువకూ ప్రభుత్వ మార్కెట్ విలువకూ 20 శాతం, అంతకు మించి తేడా ఉంటే కారణం రాయమంటుంది. హైదరాబాద్ శివార్లలో ఆ తేడా లేని ప్లాటు దొరకడమే అరుదు. అక్కడ "ఏరియాలో డిమాండ్ బాగుంది" అని రాసి ఊరుకుంటాం. అది కారణం కాదు, మాట దాటేయడం. ఇదే లేఅవుట్‌లో ఈ ఏడాది రిజిస్టరైన రెండు ప్లాట్లు చూశాను, అవి నలభై అడుగుల రోడ్డు మీదున్నాయి, మన ప్లాటు ముప్పై అడుగుల రోడ్డు మీద ఉంది, అందుకు ఇంత తగ్గించాను అని రాయండి. మూడు వాక్యాలు చాలు. అంకె వేయడం బ్రోకరుకూ వచ్చు. అంకెకు పూచీ పడేది మీరొక్కరే.

అలాగే చూడనిది చూడలేదని రాయడానికి సిగ్గుపడకండి. పై అంతస్తుకు తాళం వేసి ఉంటే ఆ ముక్క రాయండి. కంపెనీల చట్టం కింద 2017లో వచ్చిన రిజిస్టర్డ్ వాల్యూయర్ల నిబంధనల్లో ఎనిమిదోది ఈ విషయంలో గట్టిది. మీకు ఎదురైన పరిమితులు చెప్పుకోవచ్చు, వాటిని అడ్డం పెట్టుకుని బాధ్యత నుంచి జారుకోకూడదు అంటుంది. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో పది షరతులు పేర్చి నిశ్చింతగా నిద్రపోయేవాళ్లు ఆ నిబంధన ఒకసారి చదవాలి.

ఆ నిబంధనలు వచ్చినప్పుడూ ఇదే గొడవ. యాభై గంటల కోర్సు, కంప్యూటర్ ముందు పరీక్ష, గట్టెక్కడానికి 60 శాతం మార్కులు. పాతవాళ్లకు ఇచ్చిన గడువు పెరుగుతూ పెరుగుతూ 2019 జనవరి 31 దాకా వచ్చింది. జుట్టు నెరిసిన ఇంజనీర్లు కూడా పుస్తకాలు ముందేసుకుని చదవాల్సి వచ్చింది. అంతమాత్రాన ఏం మునిగిపోయింది?

మన ఒక్కరికే ఈ బాధ అనుకోకండి. డాలస్‌లోనో అట్లాంటాలోనో లోను మీద ఇల్లు కొన్న మనవాళ్లను అడగండి, అప్రైజల్ అంటే ఏమిటో చెబుతారు. అక్కడ బ్యాంకుల నుంచి ఇంటి రుణాలు కొనే ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మాక్ సంస్థలు 2005 నాటి 1004 అప్రైజల్ ఫారాన్నీ దాని తోబుట్టువులనూ పక్కన పెడుతున్నాయి. విడి ఇల్లైనా, కాండో అయినా ఇక ఒకటే రిపోర్టు. ఆస్తిని బట్టి అందులో అడిగే ప్రశ్నలు మారుతుంటాయి. అది తప్పనిసరి అయ్యేందుకు పెట్టిన తేదీ 2026 నవంబర్ 2. ముప్పై ఏళ్లుగా అదే పని చేసిన అక్కడి అప్రైజర్లూ మళ్లీ మొదటి పేజీ తిప్పుతున్నారు.

ఇంకో మాట. ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడికి ఫోన్ యాప్ క్షణంలో వంటబడుతుంది. కానీ ప్లాటు వెనక నాలా ఒకప్పుడు ఎటు పారేదో వాడికి తెలియదు, మీకు తెలుసు. "ఇది ఎలా అప్‌లోడ్ చేయాలి, బాబూ?" అని అడగడానికి మొహమాటపడితే, "సార్, ఈ సర్వే నంబరు మీద ఏమైనా గొడవుందా?" అని వాడు మిమ్మల్ని అడగడం మానేస్తాడు. ఆ నష్టం ఇద్దరిదీ.

వెబినార్లతో ఫారం చేతికి రాదు. ఈ ఆదివారం మీకు బాగా తెలిసిన ఒక ఆస్తి పాత రిపోర్టు తీయండి, మీ సొంత ఇల్లైనా సరే. దాన్ని కొత్త నమూనాలో మొదటి నుంచి చివరిదాకా నింపండి. ఏ గడి దగ్గర పెన్ను ఆగిందో అక్కడ గుర్తు పెట్టుకోండి. సోమవారం ఆ సైటుకు మళ్లీ వెళ్లి, ఆ ఒక్క ప్రశ్నకు జవాబు తెచ్చుకోండి.