మన జమ్మే వాళ్ల ఖేజ్రీ

పరీక్షల రోజుల్లో మా చెల్లెలి కొడుకు జీకే పుస్తకం నా చేతిలో పెట్టి "అడుగు మామయ్యా" అన్నాడు. రాజస్థాన్ పేజీ తీశాను. చెట్టు ఖేజ్రీ, పువ్వు రోహిడా, పక్షి గ్రేట్ ఇండియన్ బస్టర్డ్, జంతువు చింకారా, 2014 నుంచి ఒంటె కూడా. ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాడు. రాష్ట్ర క్రీడ బాస్కెట్‌బాల్ అట, అది నాకూ కొత్తే. "ఖేజ్రీ ఎలా ఉంటుందిరా?" అంటే మాత్రం నా మొహం చూశాడు. మొన్న దసరాకి ఆ జమ్మి ఆకే నా చేతిలో పెట్టి, బంగారం అని కాళ్లకు దండం పెట్టినవాడు వీడే!

తప్పు వాడిది కాదు. పేజీ పట్టుకుని ప్రశ్నలడిగేది మనమే కదా. అమ్మానాన్నలకు నేను చెప్పేదొకటే: ఆ పట్టికలో ఏదో ఒక్కదాని దగ్గర ఓ సాయంత్రం ఆగండి. జమ్మి అయితే మనకు సులువు, తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా అదే. ఒక రెమ్మ ఇచ్చి ముళ్లు జాగ్రత్తగా తడమనివ్వండి. ఆకులు అంత చిన్నవెందుకో మీరు చెప్పకండి. ఎండకు నీరు ఆవిరైపోకుండా అని కాసేపటికి వాళ్లే అంటారు. వేళ్లు చాలా లోతుకు దిగుతాయి కాబట్టే థార్ ఎండల్లోనూ ఆ చెట్టు పచ్చగా నిలబడుతుంది. ఆకు మేకలకూ ఒంటెలకూ మేత. లేత కాయల్ని అక్కడ సాంగ్రీ అంటారు. మనం గోరుచిక్కుడు ఒరుగులు దాచుకున్నట్టు వాటిని ఎండబెట్టి దాచుకుని, కైర్ కాయలతో కలిపి కూర వండుకుంటారు.

1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజడ్లీలో ఈ చెట్లు నరకడానికి రాజు మనుషులొస్తే, అమృతాదేవి అనే బిష్ణోయి స్త్రీ చెట్టును కౌగిలించుకుని అడ్డం నిలిచింది. ఆమెతో కలిపి 363 మంది ప్రాణాలిచ్చారు. బాగా చిన్నపిల్లలకు గొడ్డళ్ల సంగతి వద్దు, అడ్డం నిలిచారంటే చాలు. పదేళ్లు దాటినవాళ్లకు మొత్తం చెప్పండి, తట్టుకుంటారు.

ఇక ఆ బస్టర్డ్ మన బట్టమేక పిట్టే. దానికోసమే కర్నూలు ప్రాంతంలో రోళ్లపాడు అభయారణ్యం పెట్టారు. సాధారణంగా ఏడాదికి ఒక్క గుడ్డు, అదీ కటిక నేల మీద. బరువైన పక్షి, ఎదురుగా ఉన్న కరెంటు తీగ సరిగ్గా ఆనదు, తగిలి చచ్చిపోతుంది. "రాష్ట్ర పక్షి అన్నాక కూడా ఎందుకు కాపాడలేదు?" అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. సర్దిచెప్పకండి. ఒంటె సంగతీ అంతే. రాజస్థాన్‌లో 2012 లెక్కల్లో 3 లక్షలు దాటిన ఒంటెలు 2019కి 2 లక్షల చిల్లరకు దిగాయి. రాష్ట్ర జంతువని ప్రకటించింది ఈ మధ్యలోనే. ఈ అంకెలు వాళ్ల ముందుంచి, ఏమంటారో వినండి.

మిగతా రాష్ట్రాల పేజీలు ఆగితే ఆగనివ్వండి. పరీక్షలయ్యాక ఒక ఆదివారం, గుడి దగ్గరో పొలం గట్టునో జమ్మి ఎక్కడుందో కనుక్కుని పిల్లల్ని తీసుకెళ్లండి. ఎండాకాలంలో కాయలు కూడా ఉంటాయి.