సెల్‌ఫోను పోయిన నాడు

ఇటీవల మా విద్యార్థులను పాంచాలంకురిచ్చి కోట చూపుటకు తీసికొని పోయితిమి. 1799వ సంవత్సరమున ఆంగ్లేయులు కయత్తారులో ఉరితీసిన వీరపాండ్య కట్టబొమ్మని కోట యది. నేడు మనము చూచునది 1974లో తమిళనాడు ప్రభుత్వము నిర్మించిన స్మారకము. మా వెంట వచ్చిన యొక విద్యార్థిని తల్లి, తిరుగు ప్రయాణమున కోవిల్‌పట్టి బస్సు స్టాండు రద్దీలో తమ సెల్‌ఫోనును పోగొట్టుకొనిరి. సంచికి బ్లేడు గాటు పడియుండెను, ఫోను లేదు. "పన్నెండు వేల ఫోను పోయెనే" అని యామె విలపించిరి. మేమును దారి పొడవునా దాని వెలను గూర్చియే మాటలాడితిమి. తక్కిన పనులన్నియు మరునాటికి వాయిదా పడెను. తెల్లవారునప్పటికి ఆమె బ్యాంకు ఖాతానుండి మూడు వేల రూపాయలు పోయినవి. దారిలోనే ఆ నంబరును నిలిపించియుండిన ఇంత జరిగెడిది కాదు. తెలిసియు మేము చెప్పలేదు.

"ఫోనునకు తాళము వేసియుంటిని గదా, దొంగ యెట్లు తెరచెను?" అని యామె యడిగిరి. వాడు తెరవనే లేదు. ఫోను తాళము ఫోనునే కాపాడును గాని, లోపలి సిమ్ము కార్డును కాపాడదు. గోరంత యున్న ఆ కార్డును ఊడదీసి వేరొక ఫోనులో పెట్టినచో, మన నంబరునకు వచ్చు సందేశము లన్నియు వానికే చేరును. బ్యాంకు ఓ.టి.పి. ఆ నంబరునకే వచ్చును; ఆధార్ ఓ.టి.పి.యు అంతే. యు.పి.ఐ. రహస్య సంఖ్యను క్రొత్తగా పెట్టుకొనుటకు డెబిట్ కార్డులోని చివరి 6 అంకెలు, గడువు తేదీ, ఓ.టి.పి. సాధారణముగా కావలెను. మొదటి రెండును ఆమె తీసిన కార్డు ఫోటోలో నున్నవి. ఆ ఫోటో మెమరీ కార్డులో నుండెను. దానికిని తాళము లేదు. కార్డును ఫోటో తీసి ఫోనులో దాచుకొనని యింటిని చూపుడనిన మన ఊళ్లలో కష్టమే. మా యింటిలోను నుండెను, ఆనాడే తుడిచివేసితిమి.

సిమ్మునకు వేరుగా తాళము వేయవచ్చును. ఫోను సెట్టింగులలో భద్రత యను భాగమున "సిమ్ లాక్" అని యుండును. అది వేసినచో, సిమ్మును ఏ ఫోనులో పెట్టినను ముందుగా పిన్ అడుగును. ముమ్మారు తప్పినచో అది బిగిసికొని, కంపెనీవా రిచ్చు పి.యు.కె. సంఖ్య లేక తెరువబడదు. కాబట్టి మొదటి పిన్ ఎంతయో కంపెనీవారిని అడిగి తెలిసికొనిన పిదపనే దీనికి పూనుకొనవలెను, ఊహించి నొక్కరాదు.

ఫోను పోయిన క్షణమున ఏది ముందు? ప్రక్కవారి ఫోను దొరకినచో, మన గూగుల్ ఖాతా ద్వారా పోయిన ఫోనును దూరమునుండియే బిగింపవలెను. సిమ్మును ముందే నిలిపినచో ఇంటర్నెట్టు తెగి, మన ఆజ్ఞ ఫోనునకు చేరకపోవచ్చును. అయినను దీనికి ఐదు నిమిషములకు మించి వెచ్చింపరాదు. పాస్‌వర్డు గుర్తు లేనిచో దీనిని విడిచిపెట్టి, వెంటనే కంపెనీకి ఫోను చేసి సిమ్మును నిలిపింపవలెను, పిదప బ్యాంకు. ఖాతాదారుని అజాగ్రత్త వలన కలిగిన నష్టమైనను, బ్యాంకునకు తెలిపిన తరువాత జరుగు నష్టమును బ్యాంకే భరింపవలెనని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఉత్తరువు చేసెను. తెలుపుటకు ముందు పోయినది మాత్రము మనదే. సొమ్ము పోయినచో 1930 నంబరునకును తెలుపవలెను.

పోలీసు ఫిర్యాదు విషయమున మనవారు జంకుదురు. బస్సులో పోయినది కోవిల్‌పట్టి యెల్లలోనో, విరుదునగరు యెల్లలోనో తెలియదని వెనుకాడ నక్కరలేదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము, నేరము ఎచ్చట జరిగినను ఏ స్టేషనులోనైనను తెలుపవచ్చును. ఇంట తెలుగు మాటలాడు తల్లిదండ్రులకు తమిళమున వ్రాయుట కష్టమైనచో, బడిలో రెండు భాషలును నేర్చుచున్న బిడ్డలున్నారు గదా. ఈమె ఫిర్యాదును తొమ్మిదవ తరగతి చదువుచున్న కుమార్తెయే చక్కని తమిళమున వ్రాసినది. తెలుగు పంతులమైన మాకు అందులో దిద్దవలసినది కనబడలేదు.

ఫిర్యాదులో ఐ.ఎం.ఇ.ఐ. యను 15 అంకెల సంఖ్య యుండవలెను. *#06# నొక్కిన నది కనబడును; రెండు సిమ్ముల ఫోనులో రెండు సంఖ్యలుండును. ఫోనే పోయినప్పు డెట్లు నొక్కుట? పెట్టెను పారవేసిరి, అదృష్టవశమున విరుదునగరు దుకాణపు బిల్లుమీద నుండెను. ఆ సంఖ్యను, పోలీసు ఫిర్యాదు నకలును చేర్చి కేంద్ర టెలికాం శాఖవారి సంచార్ సాథీలో నమోదు చేసినచో, దేశమున ఏ కంపెనీ సిమ్ము వేసినను ఆ ఫోను పనిచేయకుండ నిలిపివేయుదురు. ఎవరైన సిమ్ము వేసి చూచినచో ఆ జాడ పోలీసులకు తెలియును. నమోదునకు ఓ.టి.పి. కావలెను గనుక, అదే నంబరుతో క్రొత్త సిమ్ము ముందుగా తీసికొనవలెను. క్రొత్త సిమ్మునకు మొదటి 24 గంటలు ఎస్.ఎం.ఎస్.లు రావు; మోసమును అరికట్టుటకే ఆ నియమము. ఇది తెలియక ఆ తల్లి మరల భయపడిరి.

ఇంకొక సంగతి. ఆ ఫోనులో ఇరుగుపొరుగువారి ఆధార్ ఫోటోలును ఉండెను. ఉపకారవేతన దరఖాస్తులకై వారు పంపినవి. ఆమె ఇంటింటికి పోయి ఆ విషయమును చెప్పివచ్చిరి. ఫోను పోయినదని చెప్పుటకంటె అది కష్టమైన పని. మొదటి 8 అంకెలు మరుగుపరచిన ఆధార్ ప్రతిని ఆధార్ సంస్థవారి వెబ్‌సైటునుండియే పొందవచ్చును. చాలినచోట్ల దానినే యిచ్చుట మేలు.

సొమ్ము ఇంకను తిరిగి రాలేదు. ఫోనును దొరకలేదు. సంచార్ సాథీ యిచ్చిన నమోదు సంఖ్యను ఆ బాలిక తన తెలుగు నోటు పుస్తకపు చివరి పుటలో వ్రాసికొని, వారమున కొకసారి దాని స్థితిని చూచుచున్నది.