పుచ్చు పన్నుకు ఏ సిమెంట్?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కుటుంబాలు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది.

వెండి సిమెంట్ (అమాల్గం): దవడ పళ్ళకు గట్టిది, చవక. కాని సుమారు సగం పాదరసమే. తప్పనిసరైతే తప్ప 15 ఏళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వద్దని 2022లో మినమాటా ఒప్పంద దేశాలు నిర్ణయించాయి. పాతది బాగుంటే, భయంతో తీయించుకోకండి; తీసేటప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువగా వస్తుంది.

గ్లాస్ అయోనోమర్: పన్నుకు అతుక్కుని ఫ్లోరైడ్ వదులుతుంది. పాలపళ్ళకు మేలు, కాని త్వరగా అరుగుతుంది.

కాంపోజిట్: పన్ను రంగులో ఉంటుంది. తడి తగలకుండా లైటుతో గట్టిపరచాలి. ఖర్చెక్కువ.

బీడీలు చుట్టే అక్కలారా, ఒక పూట కూలి పోతుందని ఆగకండి. పుచ్చు నరానికి చేరితే ఏ సిమెంటూ చాలదు. రూట్ కెనాల్ చేయాలి, లేదా పన్ను తీయాలి. నొప్పి రాకముందే రండి. దేవుడిచ్చిన పళ్ళను కాపాడుకుందాం.