బలోచ్ జాతి – తెగలు, భాషలు

ద్రావిడ భాషలు ఏవి అని పరీక్షలో అడిగితే తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం అని రాసి మార్కులు తెచ్చుకుంటాం. ఆ కుటుంబానికే చెందిన ఒక భాష మనకు ఎంతో దూరాన, పాకిస్తాన్‌లోని బలోచిస్తాన్ కొండల్లో నేటికీ బతికి ఉంది. దాని పేరు బ్రాహుయీ. మన భాషకు చుట్టమైన ఆ భాష అక్కడ ఎవరి నోట ఉందో తెలియాలంటే ముందు బలోచ్ ప్రజల గురించి తెలుసుకోవాలి.

ఎక్కడ ఉంటారు?

బలోచ్‌ల నేల మూడు దేశాల మధ్య పంచబడి ఉంది. పాకిస్తాన్‌లో బలోచిస్తాన్, ఇరాన్‌లో సిస్తాన్-బలూచెస్తాన్, ఆఫ్ఘనిస్తాన్‌లో నిమ్రూజ్ ప్రాంతాల్లో వీరు ఎక్కువ. సింధ్, పంజాబ్ రాష్ట్రాల్లోనూ, సముద్రం అవతల ఒమన్‌లోనూ ఉన్నారు. పాకిస్తాన్ బలోచిస్తాన్ వైశాల్యం 3,47,190 చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా అంత ఉండవు. జనాభా మాత్రం 2023 లెక్కల ప్రకారం ఒక కోటీ 49 లక్షల లోపే. వానలు తక్కువ, కొండలు, ఎడారి ఎక్కువ. అందుకే గొర్రెలు, మేకలు, ఒంటెలు కాచుకుంటూ మేత ఉన్నచోటికి తరలిపోవడం అక్కడి పాత జీవనం.

తెగలు

రింద్, లాషారీ, మర్రీ, బుగ్తీ, మజారీ, లెఘారీ బలోచ్ తెగల్లో పేరున్నవి. మెంగల్, రైసానీ, జెహ్రీ మొదలైనవి బ్రాహుయీ తెగలుగా ప్రసిద్ధి. తెగ పెద్దను సర్దార్ అంటారు. తెగ అంటే ఒకే మూలపురుషుని సంతానం అని చెప్పుకుంటారు గానీ, వాస్తవంలో బయటి గుంపులు కూడా వచ్చి చేరి, మంచిచెడుల్లో పాలు పంచుకుని, కొన్ని తరాలకు ఆ తెగవారే అయిపోయారు.

17వ శతాబ్దంలో ఏర్పడిన కలాత్ రాజ్యం ఈ తెగలను ఒక గొడుగు కిందికి తెచ్చింది. దాన్ని పాలించిన ఖాన్‌లు బ్రాహుయీ వంశం వారు. ఆ రాజ్యం 1948 మార్చిలో పాకిస్తాన్‌లో కలిసింది.

ఒక విషయం మన హాస్టల్ విద్యార్థులం ప్రత్యేకంగా గమనించాలి. అక్కడ కూడా మనుషుల్లో ఎక్కువ తక్కువలు ఉన్నాయి. ఇనుప పని చేస్తూ, వాద్యాలు వాయిస్తూ బతికే లోరీలను చిన్నచూపు చూశారు. మక్రాన్ తీరానికి ఆఫ్రికా నుంచి బానిసలుగా తేబడినవారి సంతతికీ అదే గతి పట్టింది. కానీ సర్దార్ల వీరగాథలను తరతరాలుగా పాడి నిలబెట్టినవారిలో ఈ లోరీలు ఉన్నారు. చరిత్రను మోసినవారికి ఆ చరిత్రలో పీట దక్కలేదు. ఈ మాట మనకు కొత్త కాదు.

భాషలు

బలోచీ భాష ఇరానీ శాఖకు చెందినది, పారశీకానికీ కుర్దిష్‌కూ బంధువు. అందులో తూర్పు, పడమటి, దక్షిణ మాండలికాలున్నాయి. తీరంలో కొందరు సింధీకి దగ్గరైన జద్‌గాలీ మాట్లాడతారు. వీటి నడుమ కలాత్, ఖుజ్దార్, మస్తుంగ్ ప్రాంతాల్లో వినిపించేది బ్రాహుయీ. 2023 లెక్కల్లో పాకిస్తాన్‌లో బలోచీ మాతృభాష అని చెప్పినవారు 81 లక్షలు, బ్రాహుయీ అని చెప్పినవారు 27 లక్షలు దాటారు.

కన్నును బ్రాహుయీలో ఖన్ అంటారు. నీరు దీర్, నీవు నీ. లెక్కలో మొదటి మూడు అసిట్, ఇరట్, ముసిట్. మన ఇరువురు, మువ్వురు గుర్తుకు రావడం లేదూ! నాలుగు నుంచి మాత్రం చార్, పంచ్ అని ఇరానీ అంకెలే. పక్కవారితో బేరసారాల్లో పెద్ద అంకెలు పోయాయి, చిన్నవి ఇంట్లో మిగిలాయి అనుకోవచ్చు. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు బ్రాహుయీని కుడుఖ్, మాల్తోలతో కలిపి ఉత్తర ద్రావిడ శాఖలో చేర్చారు.

ఈ భాష అంత దూరాన ఎలా ఉంది? ద్రావిడులు ఒకప్పుడు అక్కడే ఉండేవారనీ, వారిలో మిగిలినవారే వీరనీ కొందరి వాదన. సుమారు వెయ్యేళ్ల కిందట మధ్య భారతం వైపు నుంచి వలస వెళ్లారని మరికొందరి వాదన. బ్రాహుయీలో ప్రాచీన ఇరానీ పదాలు కనిపించకపోవడాన్ని వీరు ఆధారంగా చూపుతారు. జన్యు పరిశోధనల్లో మాత్రం బ్రాహుయీలకూ పక్కనున్న బలోచ్‌లకూ పెద్ద తేడా కనిపించలేదు. అంటే రక్తం ఒక దారిన, భాష ఇంకో దారిన నడవవచ్చు. భాషను బట్టి మనిషి పుట్టుకను నిర్ణయించడం సరికాదు.

మనం నేర్చుకోవలసింది

బ్రాహుయీ మాట్లాడే ఇళ్లలో చాలామందికి బలోచీ కూడా వచ్చు. బడిలో ఉర్దూ, పెద్ద చదువుల్లో ఇంగ్లీషు. యునెస్కో బ్రాహుయీని ప్రమాదపు అంచున ఉన్న భాషల్లో చేర్చింది. ఇంటి భాష బడి మెట్ల దగ్గర ఆగిపోతే ఏ భాషకైనా ఇదే ముప్పు. మన హాస్టళ్లలోనూ ఒక్కొక్కరిది ఒక్కో యాస. గోండి, కోయ, కొలామీ ఇంట్లో మాట్లాడే మిత్రులూ ఉన్నారు. ఇవన్నీ తెలుగుకు అక్కచెల్లెళ్లే. తోటివాడి మాటకు నవ్వే బదులు, మీ ఇంట్లో దీన్నేమంటారు అని అడుగుదాం. సెలవులకు ఊరెళ్లినప్పుడు అమ్మమ్మ, తాతయ్యల మాటలు ఒక నోటుబుక్కులో రాసుకుందాం. ఇంగ్లీషు బాగా నేర్చుకుందాం, ఇంటి మాటను వదలకుండా నేర్చుకుందాం.