చీటీ డబ్బుతో సముద్రం అడుగుకు

ప్రశ్న: మాది పళ్ళిపట్టు. నలుగురు స్నేహితులం శ్రీలంక వెళ్ళి, బట్టికలోవా దగ్గర మునిగిన హెర్మిస్ యుద్ధనౌకను స్కూబా డైవింగ్‌లో చూడాలనుకుంటున్నాం. అందరికీ ఈతొచ్చు. చీటీ ఎత్తి ఖర్చు పెట్టొచ్చా?

జవాబు: నౌకను బాగానే ఎంచుకున్నారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులేసిన జపానువాళ్ళే మూడు రోజుల తర్వాత దాన్ని ముంచారు. చిక్కల్లా లోతుతోనే. అది 50 మీటర్లకు పైగా అడుగున ఉంది. ఓపెన్ వాటర్ కోర్సు చేస్తే 18 మీటర్లు, అడ్వాన్స్‌డ్ చేస్తే 30. సరదా డైవింగ్‌కు హద్దు 40, ఆపైన వేరే శిక్షణ కావాలి. కుశస్థలి ఏట్లో నేర్చిన ఈత ఇక్కడ చాలదు.

కాబట్టి మొదటి ఖర్చు విమానం టికెట్టు కాదు, పుదుచ్చేరిలో కోర్సు. చెవులు, ఊపిరితిత్తులు డాక్టరుకు చూపించాకే ఫీజు కట్టండి. రెండోది బీమా. మామూలు ప్రయాణ బీమాలు చాలావాటిలో డైవింగ్ ఉండదు. రీకంప్రెషన్ చాంబర్ చికిత్సకు డబ్బిస్తుందో లేదో పాలసీలో చదవండి. చివరి డైవ్ తర్వాత 18 గంటలైనా విమానం ఎక్కకూడదు, ఆ రోజు గది అద్దె కూడా లెక్కలో వేయండి. టూర్ ప్యాకేజీ మీద పట్టుకునే టీసీఎస్ రిటర్ను వేస్తే పన్నులో సర్దుబాటవుతుంది.

చీటీ అంటారా, సరదా కోసం ఎక్కువ తోసి పాడొద్దు. చివరి నెలల దాకా ఆగండి, ఈలోగా కోర్సులు పూర్తవుతాయి. ఒక్క కోర్సుతోనే హెర్మిస్ దాకా దింపుతామనేవాళ్ళకు మాత్రం అడ్వాన్సు ఇవ్వకండి.