చింతయు విచారమును

"ఇది ఒక్క శస్త్రచికిత్సతో తీరునది కాదు, మూడు నాలుగు విడతలుగా చేయవలసి యుండును" అని వైద్యుడు చెప్పిన దినమున రోగికి నిద్ర పట్టదు. ఒక్కటియే యైనచో పండ్లు బిగించి ఓర్చుకొనవచ్చును. వరుసగా పెక్కు కలవని తెలిసినప్పుడు మనస్సు అన్నింటిని ఒక్కమారుగా ముందు పెట్టుకొని కూర్చుండును. మొదటి దానికి ఇంకను పది దినముల గడువున్నను, నాలుగవ దాని నొప్పిని ఆ రాత్రియే అనుభవించును. శరీరము కత్తికి లోబడునది నాలుగు మారులు. మనస్సు లోబడునది నాలుగు వందల మారులు. చిత, చింత అను మాటల నడుమ ఒక్క సున్నయే భేదమని పెద్దలనుట ఇందులకే.

ఇట్టి భయము పిరికివారికే కలుగునని తలంపరాదు. గీత ప్రథమాధ్యాయమున అర్జునుని అవస్థ ఎట్లు వర్ణింపబడినది? అవయవములు పట్టు తప్పినవి, నోరెండినది, మేను వణకినది, చర్మము మండినది, గాండీవము చేజారినది, మనస్సు గిరగిర తిరిగినది. ఆసుపత్రిలో పిలుపునకై బల్లపై కూర్చున్నవాని లక్షణములు ఇంతకంటె వేరుగా నుండవు. అట్లు వణకినవాడు పెక్కు యుద్ధములు గెలిచిన వీరుడు. శ్రీకృష్ణుడు అతనికి "నీకు జయము తప్పదు" అని బోధ నారంభింపలేదు. గెలిచిన నేమగునో, మరణించిన నేమగునో రెండును ద్వితీయాధ్యాయముననే చెప్పి, చేయవలసిన పనివైపు అతని దృష్టి మరల్చెను. బంధువులు సాధారణముగా దీనికి విరుద్ధముగా నడచుకొందురు. "నీకేమియు కాదు" అని పలుమారు లందురు. అనువారికి ఆ సంగతి తెలియదని రోగికి తెలియును. కావున ఆ మాట వలన అతనికి ధైర్యము కలుగదు.

ఇచ్చట ఒక పదమును పరిశీలింపవలెను. తెలుగున "విచారము" అనగా దుఃఖమను అర్థము స్థిరపడిపోయినది. వేదాంతమున ఆ పదమునకు అర్థము పరిశీలనము. చింత ఒక్క ప్రశ్ననే మరల మరల వేయును గాని సమాధానము కోరదు. విచారము ప్రశ్నవేసి సమాధానమునకై నిలుచును. "నా గతి యేమగునో" అనుట చింత. "ఈ చికిత్సను ఇన్ని విడతలుగా ఏల చేయుదురు? ఒకదానికి మరియొకదానికి ఎంత ఎడముండును? నొప్పికి ఏ మందిత్తురు? నేను వాడుచున్న మందులలో వేనిని ఆపవలెను? చేయించుకొననిచో ఏమగును?" అని కాగితముపై వ్రాసికొని వైద్యుని అడుగుట విచారము. వ్రాసికొని పోవుట ముఖ్యము. భయపడినవానికి వైద్యుని యెదుట సగము ప్రశ్నలు జ్ఞప్తికి రావు.

విచారించినచో తరచుగా తెలియవచ్చున దేమనగా, విడతలు రోగిని బాధించుటకు గాక రక్షించుటకే యేర్పడినవి. ఒళ్లు విశేషముగా కాలినవానికి మంచి చర్మమున్న చోటునుండి పలుచని పొరను తీసి గాయముపై అతికింతురు. తీసినచోటు మానిన పిదపగాని అచ్చట మరల తీయుటకు వీలుండదు. పై పెదవియు అంగిలియు చీలి పుట్టిన శిశువునకు పెదవిని కొలది నెలల వయస్సుననే కుట్టుదురు. అంగిలిని కొంత పెరిగిన పిదప, సాధారణముగా ఏడాది ప్రాంతమున, సరిచేయుదురు. పంటిచిగురు ఎముకను పూరించు పని ఎనిమిది, పదేండ్ల ప్రాయము వరకు ఆగును. ప్రేగునకు చికిత్స చేసినప్పుడు తాత్కాలికముగా పొట్టపై ద్వారమేర్పరచి, లోపలి కుట్లు మానిన కొన్ని నెలలకు దానిని మూయుదురు. మూడును మూడు విధములైన రోగములు. అన్నింట నడిమి కాలము శరీరము తన పని తాను చేసికొను కాలము. ఆ నెలలను రోగి "తరువాతి కత్తికై ఎదురుచూచుట" గా లెక్కించినచో అవి నరకమగును. మానుటకై లభించిన దినములుగా లెక్కించినచో అన్నము తినుట, నడచుట, పొగత్రాగుట మానుట, మధుమేహమున్నచో దానిని అదుపులో నుంచుకొనుట, ఊపిరితిత్తులకు దీర్ఘశ్వాసలు అలవరచుట మొదలగు పనులు కనబడును. పని దొరికిన మనస్సునకు భయము పూర్తిగా పోదు. కాని భయమునకు దొరకు సమయము తగ్గును.

1924 జనవరి 12వ తేదీన ఎరవాడ చెరసాల ఖైదీయైన గాంధీమహాత్మునకు పూనా ససూన్ ఆసుపత్రిలో కర్నల్ మాడక్ అను ఆంగ్లేయ వైద్యుడు ఉండుకమునకు శస్త్రచికిత్స చేసెను. 1909 లో తాను వ్రాసిన హింద్ స్వరాజ్ గ్రంథమున వైద్యులను, ఆసుపత్రులను తీవ్రముగా ఖండించిన వాడే ఆయన. అయినను, తన సమ్మతిని, వైద్యులయందలి విశ్వాసమును తెలుపు ప్రకటనమును శ్రీనివాసశాస్త్రిగారిచే వ్రాయించి దానిపై సంతకము చేసెను. సంతకము చేయునప్పుడు ఆయన చేయి వణకినది. చికిత్స నడుమ విద్యుద్దీపము లారిపోగా లాంతరు వెలుతురున పని పూర్తియైనది. చేయి వణకుటయు, సమ్మతి నిశ్చలముగా నుండుటయు ఒకే మనుష్యునియందు ఒకే గడియలో నుండగలవని దీనివలన తెలియుచున్నది.

శ్రీ రమణమహర్షి ఎడమచేతిపై లేచిన వ్రణమునకు 1949 లో ఫిబ్రవరి, మార్చి, ఆగస్టు, డిసెంబరు మాసములలో నాలుగు మారులు శస్త్రచికిత్స జరిగినది. ప్రతిమారు అది మరల పెరిగినది. 1950 ఏప్రిల్ 14న ఆయన దేహము చాలించెను. చికిత్స చేయవలెనని కోరినవారిని ఆయన వారింపలేదు, ఫలమునకై ఆతురపడలేదు. నొప్పి లేదనియు చెప్పలేదు. దేహమున నొప్పి యున్నదని ఒప్పుకొనుచునే, ఆ దేహమే తానని ఒప్పుకొనకుండెను. చేతిని తొలగింపవలెనన్న వైద్యుల సలహాను మాత్రము ఆయన అంగీకరింపలేదు. దీనిని గృహస్థులు మేలుబంతిగా గొనరాదు. బిడ్డలను పోషింపవలసినవాడు వైద్యుని సలహాను త్రోసిపుచ్చి దానికి వైరాగ్యమని పేరు పెట్టుకొనుట ఆత్మవంచన.

మొదటి చికిత్సకంటె రెండవదానికి భయము హెచ్చుగా నుండుట కలదు. మొదట భయపెట్టినది కల్పన. ఇప్పుడు భయపెట్టునది జ్ఞాపకము. అయితే జ్ఞాపకము నొప్పిని మాత్రమే చూపి ఊరకుండును. మూడవనాడు లేచి కూర్చుండుటను, మొదటిసారి గంజి రుచించుటను చూపదు. వానిని రోగి తానై పిలుచుకొనవలెను. ఇంక వారములతరబడి నిద్రయు ఆహారమును లేక, చికిత్సకు పోవుటయే అసాధ్యమనిపించునంత భయమున్నచో దానిని వైద్యునితో తప్పక చెప్పవలెను. దానికిని చికిత్స కలదు. మందు పుచ్చుకొనుట భక్తికి లోపమనుట అవివేకము.

నామజపమును శస్త్రగృహద్వారమున నారంభింపదలచినచో అది అందదు. పది దినములు ముందుగా, రాత్రి దీపమార్పిన పిదప, ఊపిరి విడుచుటను మెల్లగా సాగించుచు దానితో ఇష్టనామమును కలిపి అలవాటు చేసికొన్నచో, బండిపై పరుండబెట్టి తీసికొనిపోవునప్పుడు పెదవి కదలకుండగనే అది నడచును. స్పృహ పోవుననుటయే కొందరికి అన్నింటికంటె పెద్ద భయము. మత్తుమందు నిద్ర, సహజమైన నిద్ర ఒక్కటి కావు. అయినను ప్రతిరాత్రియు మనుష్యుడు తన్ను తాను ఎవరికో అప్పగించియే నిద్రించుచున్నాడు. పూర్వమీ సౌఖ్యము లేదు. సుశ్రుతుని కాలమున నొప్పి తెలియకుండుటకు మద్యము త్రాగించెడివారు. 1846 లో బోస్టనులో ఈథరు ప్రయోగము లోకమునకు వెల్లడియైనది. క్లోరోఫారము ఎంతవరకు క్షేమకరమో తేల్చుటకు 1888, 1889 సంవత్సరములలో పరిశోధక సంఘములు మన హైదరాబాదుననే పనిచేసినవి. నేడు మత్తువైద్యుడు చికిత్స ముగియువరకు రోగి శ్వాసను, నాడిని కనిపెట్టుచు ప్రక్కనే యుండును. ముందుదినము ఆయనతో రెండు మాటలాడుట మంచిది.

సుశ్రుతుడు శస్త్రకర్మను పూర్వకర్మ, ప్రధానకర్మ, పశ్చాత్కర్మ యని మూడుగా విభజించెను. వ్రణముతో పరుండినవాని చుట్టు ప్రియముగా మాటలాడు స్నేహితులుండి, కథలు చెప్పి బాధను మరపింపవలెనని గూడ చెప్పెను. మంచము ప్రక్క కూర్చుండువారికి ఇది గుర్తుండదు. ఫలానావానికి ఇట్టి చికిత్సయే చేయగా ఏమైనదో వర్ణింతురు. ఖర్చుల లెక్క అచ్చటనే వేయుదురు. రోగి వినగోరునవి ఇంటి సంగతులు: పెరటిలోని బీరపాదు పూచినదా, మనుమడు బడికి పోయినాడా, దూడ పాలు త్రాగుచున్నదా. తలుపు వెలుపల గంటలతరబడి కూర్చుండు భార్యకో, తల్లికో ఎవరైన ఒక గ్లాసు మజ్జిగ తెచ్చి ఇచ్చి, కొంతసేపు ప్రక్కన కూర్చుండవలెను.