ఇంజను పీల్చు గాలికి కొలత

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో బాడుగకారు నడపువారికి బండి ఒకనాడు నిలిచెనేని ఆనాటి సంపాదన పోయినట్లే. కావున బండి బలముతగ్గి తడబడి, ఇంజను దీపము వెలిగినంతనే, “గాలి సెన్సారు చెడినది, మార్పవలెను” అను మాటను వెంటనే నమ్ముదురు. మార్చిన పిమ్మటను రోగ మట్లే యుండుట కలదు. ఏలయో విచారింతము.

పెట్రోలు చక్కగా మండుటకు దాని తూకమునకు 14.7 రెట్లు గాలి కావలయును. ఇథనాలు కలిపిన పెట్రోలునకు ఈ లెక్క కొంత తగ్గును. వచ్చుగాలి యెంతయో తెలియనిదే ఎంత పెట్రోలు చిమ్మవలెనో కారులోని కంప్యూటరు నిర్ణయింపజాలదు. అందులకై ఎయిర్ ఫిల్టరు దాటిన చోట, విద్యుత్తుచే వేడెక్కిన సన్నని ప్లాటినపు తీగనో, పలుచని పొరనో అమర్తురు. గాలి దానిని చల్లార్చును. చల్లారకుండ నిలుపుటకు పట్టిన విద్యుత్తే గాలి తూకమునకు కొలత. పాలను విసరి చల్లార్చు తల్లి యెఱిగిన విషయమే యిది! వేడితీగ గాలిలో చల్లారు విధమునకు 1914లో ఎల్. వి. కింగ్ గణితము కట్టెను. మన దేశపు చిన్న పెట్రోలుకార్లలో పెక్కింటికి ఈ తీగ లేదు. గొట్టములోని ఒత్తిడిని కొలుచు వేఱొక సాధన ముండును. తమ బండిలో నేది యున్నదో ముందుగా చూచుకొనవలెను.

వరికోతలనాటి దుమ్ము, చిరిగిన ఫిల్టరుగుండ దూరి తీగకు పూతవలె పట్టును. సూర్యలంకవైపు ఉప్పుగాలికి ప్లగ్గులోని కొసలు చిలుము పట్టును. స్కానరు “పి0102” అని చూపినచో మొదట ఆ ప్లగ్గునే విప్పి చూడుడు.

అసలు చిక్కు మఱియొకటి. సెన్సారునకు వెనుకనున్న రబ్బరుగొట్టము చీలినచో కొలతకురాని గాలి లోనికి పోవును. అప్పుడును గుర్తు లించుమించుగా నివియే. రెంటికిని భేద మెట్లు తెలియును? కంప్యూటరు తనంతట చేర్చు పెట్రోలు సవరణను స్కానరులో చూడుడు. బండి నిలిచియుండగా హెచ్చుగానుండి, వేగము పెంచగా తగ్గినచో గొట్టము చీలినదని యెంచవచ్చును. బరువు పడినకొలది సవరణ పెరిగినచో సెన్సారును అనుమానింపవలెను. అయితే పెట్రోలుపంపు బలహీనమైనను ఇట్లే యగును. ఇచట లెక్క తోడ్పడును.

రెండు లీటర్ల ఇంజను రెండు చుట్లకు 2 లీటర్ల గాలి పీల్చును. నిమిషమునకు 3000 చుట్లయిన సెకనునకు 50 లీటర్లు. మన యెండలలో లీటరుగాలి సుమారు 1.15 గ్రాములు; వెరసి 57 గ్రాములు. టర్బో లేని ఇంజను సైతము, పెడలు పూర్తిగా త్రొక్కినపుడు ఇందులో నూటికి ఎనుబదిపాళ్లైనను పీల్చును. సవరణ పెరిగియుండగా స్కానరు ముప్పది గ్రాములే చూపినచో తీగ అబద్ధమాడుచున్నది! ఈ పరీక్షను నిర్జనమైన రోడ్డుపై చేయవలెను. స్కానరును రెండవవాడు చూడవలెను.

మార్చుటకు ముందు కడిగి చూడుడు. తాళము తీసి, సెన్సారును విప్పి, దానికై యమ్ము స్ప్రేను మాత్రమే కొట్టవలెను. వ్రేలుగాని గుడ్డగాని తగిలిన తీగ తెగును. పూర్తిగా ఆరనిదే మరల తగిలింపరాదు. అప్పటికిని కుదురనిచో అదే నంబరుగల క్రొత్తది కొని, బాణపుగుర్తు ఇంజనువైపు ఉండునట్లు, రబ్బరు వలయము నలుగకుండ అమర్చి, మరమేకులను మితముగా బిగింపుడు. పాత కోడు చెరిపి, ఆ రోడ్డుమీదనే, ఆ 3000 చుట్లయొద్దనే మరల లెక్క చూడుడు.